పన్నెండు మంది ఏం చేయగలరు? బ్రిటన్‌లో బానిస వ్యాపారం ఆగిన కథ

ఇవాళ్టి హిస్టరీ ఎపిసోడ్‌లోకి వెళ్ళే ముందు మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం చెప్తాను. నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, మా బంధువులమ్మాయి పెళ్లి మాటలకి నన్ను కూడా తీసుకెళ్లారు. కాఫీలయ్యాయి, జాతకాలయ్యాయి, చివరికి మాట కట్నం దగ్గరికి వచ్చింది. గదిలో ఓ పదిహేను మంది ఉంటాం. నేను ఉండబట్టలేక, "ఇంత చదివించి, ఉద్యోగం చేస్తున్న పిల్లకి మళ్ళీ కట్నం ఏంటి పెదనాన్నా?" అన్నాను. "నీకెందుకురా, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం కదా" అన్నారు. అంతే. నేను ఫోన్ తీసి చూసుకుంటూ కూర్చున్నాను. కట్నం ఖాయమైంది, పెళ్ళి అయిపోయింది.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటే: "ఒక్కడి మాట ఎవరు వింటారు?" మీలో చాలామంది కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇదే అనుకుని ఉంటారు. ఈ ప్రశ్నకి చరిత్రలో జవాబు ఉందా అని వెతుకుతుంటే, లండన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కూర్చున్న పన్నెండు మంది కథ దొరికింది. ఈ ఎపిసోడ్ వాళ్ళ గురించే. ఇది "మంచి గెలిచింది" అని చప్పట్లు కొట్టి ముగించే కథ కాదు, ముందే చెప్తున్నాను.

ముందు ఆ కాలాన్ని ఒకసారి ఊహించుకోండి. 1780ల బ్రిటన్. లివర్‌పూల్, బ్రిస్టల్ రేవుల నుంచి ఓడలు ఆఫ్రికా తీరానికి వెళ్తాయి. బట్టలు, తుపాకులు, ఇనుప సామాను ఇచ్చి మనుషుల్ని కొంటాయి. వాళ్ళని గొలుసులతో కట్టి అట్లాంటిక్ దాటించి, జమైకా, బార్బడోస్ లాంటి దీవుల్లో చెరకు తోటలకి అమ్ముతాయి. అక్కడి పంచదారతో తిరిగొస్తాయి. ఒక్క బ్రిటిష్ ఓడలే ఏటా వేలాది మందిని ఇలా తరలిస్తున్నాయి. ఓడ యజమాని, బ్యాంకు, ఇన్సూరెన్స్, రేవు కూలీ, టీలో పంచదార వేసుకునే ఇల్లాలు, అందరూ అందులో భాగమే. ఇది తప్పు అని ఎవరైనా అంటే, "అయ్యుండొచ్చు, కానీ ఇది లేకపోతే దేశం ఎలా నడుస్తుంది?" అనేవాళ్ళు. కట్నం గురించి మనం అనే మాటకి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

అయితే తప్పు అని గట్టిగా చెప్పే ఒక చిన్న గుంపు అప్పటికే ఉంది. వాళ్ళే క్వేకర్లు. క్రైస్తవంలోనే ఒక చిన్న శాఖ. పెద్దమనిషి ఎదురైనా టోపీ తీయరు, ప్రమాణాలు చేయరు, యుద్ధానికి వెళ్ళరు. ప్రమాణం చేయరు కాబట్టి పార్లమెంటులో అడుగుపెట్టే వీలు లేదు. జనం దృష్టిలో వాళ్ళు వింత మనుషులు. కానీ వాళ్ళు చేసిన ఒక పని గమనించండి. ఊరికి నీతులు చెప్పే ముందు సొంత ఇల్లు సర్దుకున్నారు. బానిస వ్యాపారం చేసే సభ్యుల్ని వెలివేయాలని 1761లోనే లండన్ క్వేకర్లు నిర్ణయించారు. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్లు, బానిసల్ని ఉంచుకునేవాడికి తమలో చోటు లేదన్నారు. 1783లో బ్రిటిష్ పార్లమెంటుకి అర్జీ కూడా పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ కథలోకి ఒక కుర్రాడు వస్తాడు. పేరు థామస్ క్లార్క్‌సన్. వయసు 25. 1785లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో లాటిన్ వ్యాసరచన పోటీ పెట్టారు. టాపిక్ ఏంటంటే, ఇష్టం లేని మనుషుల్ని బానిసలుగా చేసుకోవడం న్యాయమేనా అని. నిజం చెప్పాలంటే క్లార్క్‌సన్‌కి ఈ విషయం మీద అప్పటిదాకా పెద్ద ఆసక్తేమీ లేదు. ప్రైజ్ కోసం రాశాడు. కానీ చదివేకొద్దీ నిద్ర పట్టలేదు. ప్రైజ్ వచ్చింది. గుర్రం మీద లండన్ వెళ్తూ వేడ్స్‌మిల్ అనే ఊరి దగ్గర దిగి, రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. నేను రాసిందంతా నిజమే అయితే, ఎవరో ఒకరు దీన్ని ఆపాలి కదా అన్న ఆలోచన అక్కడే వచ్చిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. చర్చిలో మంచి ఉద్యోగం ఎదురుచూస్తోంది. దాన్ని వదిలేశాడు.

1787 మే 22. లండన్‌లో జార్జ్ యార్డ్ అనే సందులో జేమ్స్ ఫిలిప్స్ ప్రింటింగ్ ప్రెస్. అక్కడ పన్నెండు మందితో ఒక కమిటీ ఏర్పడింది. తొమ్మిది మంది క్వేకర్లు, ముగ్గురు ఆంగ్లికన్లు. ఆ ముగ్గురిలో ఒకరు క్లార్క్‌సన్, ఇంకొకరు గ్రాన్‌విల్ షార్ప్. క్వేకర్లు మాత్రమే ఉంటే "ఆ టోపీవాళ్ళ గోల" అని జనం కొట్టిపారేస్తారు కాబట్టి, బయటివాళ్ళు ముందు నిలబడటం అవసరమైంది.

ఆ కమిటీ ముందుకి ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. ఏం అడగాలి? మొత్తం బానిసత్వమే పోవాలని అడగాలా, లేక కొత్తగా మనుషుల్ని కొని తెచ్చే వ్యాపారం ఆపమని అడగాలా? మొదటిది అడిగితే, "మా ఆస్తి లాక్కుంటారా?" అని తోటల యజమానులందరూ ఒక్కటవుతారు. అందుకే వ్యాపారం ఆపడం ఒక్కటే అడగాలని తేల్చారు. కొత్తవాళ్ళు రావడం ఆగితే, ఉన్నవాళ్ళని యజమానులు కాస్త మనుషుల్లా చూస్తారని వాళ్ళ లెక్క. గ్రాన్‌విల్ షార్ప్‌కి ఈ రాజీ అసలు నచ్చలేదు. ఈ నిర్ణయం గుర్తుపెట్టుకోండి, దీని బాకీ ఎవరు తీర్చారో తర్వాత చూద్దాం.

క్లార్క్‌సన్ పని మొదలుపెట్టాడు. ఒక ఇంజనీర్‌గా నాకు ఈ భాగం చాలా ఇష్టం. ఆయన ఉపన్యాసాలతో మొదలుపెట్టలేదు, డేటాతో మొదలుపెట్టాడు. బ్రిస్టల్, లివర్‌పూల్ వెళ్ళి ఓడల హాజరు పట్టీలు తిరగేశాడు. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్స్. సుమారు 20 వేల మంది నావికుల వివరాలు సేకరించాడు. ఎందుకంటే, "బానిస ఓడలు మన నావికులకి శిక్షణ ఇచ్చే బడి, నేవీకి అదే బలం" అని అవతలివాళ్ళు వాదించేవాళ్ళు. పట్టీలు చూస్తే ఆ ఓడల్లో తెల్ల నావికులే భారీగా చనిపోతున్నారని తేలింది. దేశభక్తి వాదన అక్కడికక్కడే చతికిలపడింది. లివర్‌పూల్‌లో ఒక షాపులో బహిరంగంగా అమ్ముతున్న బేడీలు, కాలి సంకెళ్ళు, బొటనవేళ్ళు నొక్కే మరలు, తిండి తిననని మొండికేసిన మనిషి దవడలు తెరిచే పరికరం కొన్నాడు. ఊరూరా అవి బల్ల మీద పెట్టి చూపించాడు. లివర్‌పూల్ రేవులో కొందరు ఆయన్ని నీళ్ళలోకి తోసేయబోయారు కూడా.

తర్వాత వచ్చింది ఒక బొమ్మ. బ్రూక్స్ అనే ఓడ ప్లాను. 1789లో లండన్ కమిటీ అచ్చు వేసింది. అందులో 482 మంది మనుషుల్ని, పుస్తకాల అరలో పుస్తకాల్లా, పక్కపక్కనే పడుకోబెట్టి గీశారు. అప్పటి కొత్త చట్టం ప్రకారం ఆ ఓడలో 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు అదే ఓడ ఒక ప్రయాణంలో 609 మందిని తీసుకెళ్ళింది. అంటే, బొమ్మ చూసి "అతిశయోక్తి" అన్నవాళ్ళకి జవాబు: కాదండీ, అసలు సంగతి దీనికంటే ఘోరం.

ఇంకో మనిషిని చెప్పకుండా ఈ కథ చెప్తే అన్యాయం. ఒలౌడా ఈక్వియానో. ఒకప్పుడు తానే బానిస. కూడబెట్టిన డబ్బుతో తన స్వేచ్ఛని తానే కొనుక్కున్నాడు. 1783లో, జాంగ్ అనే ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లని బతికుండగానే సముద్రంలోకి విసిరేసి, యజమానులు "సరుకు నష్టం" కింద ఇన్సూరెన్స్ అడిగిన కేసు గురించి షార్ప్ దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పింది ఈయనే. 1789లో తన ఆత్మకథ అచ్చు వేసి, బ్రిటన్ అంతా తిరిగి అమ్మాడు. బానిసలు ఆలోచించలేని మనుషులు అని చెప్పేవాడి ముందు, ఆ పుస్తకం రాసిన మనిషే నిలబడితే ఇంకేం మాట్లాడతాడు?

మరి ఫలితం? 1791 ఏప్రిల్‌లో విలియం విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో పెట్టిన తీర్మానం 163-88 తేడాతో ఓడిపోయింది.

ఇక్కడ జనం సొంతంగా ఒక పని చేశారు. పంచదార మానేశారు. ఒక కరపత్రం చదివి, ఇది రక్తంతో తడిసిన పంచదార అని ఇళ్ళల్లో వాడటం ఆపేశారు. సుమారు 3 లక్షల మంది మానేశారని క్లార్క్‌సన్ అంచనా. ఆడవాళ్ళకి ఓటు లేదు. కానీ వంటింట్లోకి ఏది రావాలో నిర్ణయించేది వాళ్ళే. 1792లో పార్లమెంటుకి 519 అర్జీలు వచ్చాయి, సుమారు 3 లక్షల 90 వేల సంతకాలతో. అయిదేళ్ళ క్రితం పన్నెండు మంది, గుర్తుందా?

అయినా ఆగలేదు. హెన్రీ డండాస్ అనే మంత్రి లేచి, "ఆపుదాం, కానీ క్రమంగా" అన్నాడు. ఆ ఒక్క మాట చేరిస్తే తీర్మానం 230-85తో గెలిచింది. గెలిచింది అనుకున్నారు. నిజానికి అది వాయిదా. తర్వాత 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం. సంస్కరణ అన్నవాడల్లా ఫ్రెంచి విప్లవకారుడే అన్న ముద్ర. ఇవాళ మనకి బాగా తెలిసిన ముద్రే, పేర్లే వేరు. క్లార్క్‌సన్ ఆరోగ్యం పాడై 1794లో పల్లెటూరికి వెళ్ళిపోయాడు. 1796లో బిల్లు 74-70తో ఓడింది. కేవలం నాలుగు ఓట్లు! ఆ రాత్రి కొందరు మద్దతుదారులు కొత్త ఒపేరా చూడటానికి వెళ్ళారు. ఒక్కసారి ఆలోచించండి, ఆ నాలుగు ఓట్ల మూలంగా ఇంకో పదకొండేళ్ళు ఓడలు తిరిగాయి.

ఇప్పుడు ఒక్క నిమిషం చరిత్రని పక్కనపెట్టి ఒక ల్యాబ్‌లోకి వెళ్దాం. 1969లో సెర్జ్ మోస్కోవిచి అనే ఫ్రెంచి సోషల్ సైకాలజిస్టు, తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం ప్రచురించాడు. ఆరుగురికి 36 నీలం రంగు స్లైడ్లు చూపించి రంగు చెప్పమన్నారు. ఆరుగురిలో ఇద్దరు ప్రయోగం చేసేవాళ్ళు పెట్టిన మనుషులు. వాళ్ళు నీలాన్ని చూసి "ఆకుపచ్చ" అంటారు. ఆ ఇద్దరూ ప్రతిసారీ ఆకుపచ్చ అన్నప్పుడు, మిగతావాళ్ళ జవాబుల్లో 8.42 శాతం ఆకుపచ్చకి మారాయి. 32 శాతం మంది కనీసం ఒక్కసారైనా ఆకుపచ్చ అన్నారు. అదే ఇద్దరూ కొన్నిసార్లు ఆకుపచ్చ, కొన్నిసార్లు నీలం అన్నప్పుడు, ప్రభావం 1.25 శాతానికి పడిపోయింది. అంటే మాట మీద నిలబడకపోతే ప్రభావం దాదాపు సున్నా.

ఎందుకలా? మెజారిటీ మాట మనం తొందరగా ఒప్పుకుంటాం, పైపైన. మైనారిటీ మాట వింటే ముందు చిరాకు వస్తుంది. కానీ వాడు నష్టపోతూ కూడా అదే మాట మీద ఉంటే, "వీడికేం లాభం? ఒకవేళ నిజమేనేమో" అన్న అనుమానం లోపల మొదలవుతుంది. క్వేకర్లు తమ బానిసల్ని వదులుకున్నారు. క్లార్క్‌సన్ ఉద్యోగం వదులుకున్నాడు. అలాంటివాళ్ళని స్వార్థపరులని కొట్టిపారేయడం కష్టం.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ల్యాబ్‌లో వాళ్ళు చెప్పింది తప్పు రంగు! అంటే పట్టుదలగా చెప్తే అబద్ధం కూడా పని చేస్తుంది. మైనారిటీ అన్నంత మాత్రాన మంచివాళ్ళు కాదు. ఆ మాటకొస్తే పార్లమెంటులో వెస్టిండీస్ తోటల యజమానుల బృందం కూడా చిన్న మైనారిటీయే. తేడా ఏంటంటే, వాళ్ళకి డబ్బు, పదవులు ఉన్నాయి. వీళ్ళ దగ్గర ఉన్నవి సాక్ష్యం, ఓపిక.

సరే, కథలోకి వద్దాం. 1806లో జేమ్స్ స్టీఫెన్ అనే లాయరు ఒక తెలివైన దారి కనిపెట్టాడు. నీతి మాట ఎత్తకుండా, "బ్రిటిష్ ఓడలు శత్రుదేశాల కాలనీలకి బానిసల్ని చేరవేయకూడదు" అని యుద్ధకాల చర్యలా చట్టం తెచ్చారు. దాంతో వ్యాపారంలో చాలా భాగం కూలిపోయింది. మరుసటి సంవత్సరం అసలు బిల్లు 283-16తో గెలిచింది. 1807 మార్చి 25న చట్టమైంది. 1791లో 88 మంది మద్దతు, 1807లో 283. పదహారేళ్ళు పట్టింది.

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకోమన్న బాకీ. వ్యాపారం ఆగింది, బానిసత్వం ఆగలేదు. తోటల్లో ఉన్నవాళ్ళు ఇంకో తరం పాటు బానిసలుగానే ఉన్నారు. 1823లో కొత్త సంఘం పెట్టారు, మళ్ళీ "క్రమంగా" అనే మాటతోనే. 1824లో ఎలిజబెత్ హేరిక్ అనే మహిళ పేరు వేయకుండా ఒక కరపత్రం అచ్చు వేసింది: క్రమంగా కాదు, వెంటనే. మైనారిటీలో మైనారిటీ అన్నమాట. పెద్ద నాయకులు విసుక్కున్నారు. మహిళా సంఘాలు విరాళాలు ఆపేస్తామన్నాక, 1830లో ఆ మాట తీసేశారు.

ఇంకో నిజం చెప్పాలి. లండన్‌లో కూర్చున్నవాళ్ళ వల్లే అంతా జరిగిందనుకుంటే పొరపాటు. 1791లో ఇప్పటి హైతీలో బానిసలు తిరగబడ్డారు, 1804లో స్వతంత్ర దేశమే ఏర్పరిచారు. 1831 డిసెంబరులో జమైకాలో శామ్యూల్ షార్ప్ నాయకత్వంలో వేలమంది పని ఆపి తిరగబడ్డారు. 300 మందికి పైగా బానిసల్ని చంపేశారు, షార్ప్‌ని 1832లో ఉరితీశారు. బానిసత్వాన్ని ఇంకా కొనసాగిస్తే దీవులు చేజారిపోతాయన్న భయం లండన్‌కి అప్పుడు పట్టుకుంది. మరోవైపు చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ 1944లో, చెరకు తోటల లాభాలు తగ్గాకే బ్రిటన్‌కి నీతి గుర్తొచ్చిందని వాదించాడు. లాభాలు అప్పటికింకా బాగానే ఉన్నాయని తర్వాత సేమౌర్ డ్రెషర్ ఎదురు వాదించాడు. నాకు అనిపించేది ఏంటంటే, పన్నెండు మంది వల్లే జరిగిందనడం ఎంత తప్పో, వాళ్ళు లేకపోయినా జరిగేదనడం అంతే తప్పు. తలుపు అటువైపు నుంచి కూడా ఎవరో నెడుతున్నారు, అంతే.

1833లో చట్టం వచ్చింది, 1834 ఆగస్టు 1 నుంచి అమలు. సుమారు 8 లక్షల మంది. నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు. ఎవరికి? యజమానులకి! బానిసలకి ఒక్క పెన్నీ లేదు, పైగా 1838 దాకా "అప్రెంటిస్" పేరుతో జీతం లేని చాకిరీ. ఆ పరిహారం కోసం చేసిన అప్పు చివరి బాకీ బ్రిటన్ ప్రభుత్వం తీర్చింది 2015లో. అవును, 2015లోనే.

ఇక ఈ కథ మన గడప తొక్కేది ఇక్కడ. బానిసలు పోయారు, తోటలు ఉన్నాయి. మరి చెరకు ఎవరు కోయాలి? 1834 నుంచే మారిషస్‌కి భారతీయ కూలీలని ఒప్పందం మీద తీసుకెళ్ళడం మొదలైంది. మన కోరంగి రేవు నుంచి, కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళు ఉన్నారు వాళ్ళలో. ఇవాళ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందంటే దాని వెనక ఉన్నది ఈ కథే. ఒక అన్యాయాన్ని చట్టం ఆపితే, దాని లాభం తినేవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు. పేరు మారుతుంది. కట్నానికి మన దగ్గర 1961 నుంచి చట్టం ఉంది, ఇప్పుడు దాని పేరు "లాంఛనాలు", "పిల్లకి మేము పెట్టుకునేది".

చివరిగా ఇంకొకటి. గెలిచాక ఎవరు మొదలుపెట్టారో జనం మర్చిపోతారు. 1838లో విల్బర్‌ఫోర్స్ కొడుకులు తండ్రి జీవితచరిత్ర రాస్తూ క్లార్క్‌సన్‌ని బాగా తక్కువ చేశారు. క్లార్క్‌సన్ అప్పటికి ముసలివాడు, ఇంకా బతికే ఉన్నాడు. తర్వాత వాళ్ళు క్షమాపణ చెప్పారు లెండి. 1840లో లండన్‌లో జరిగిన బానిసత్వ వ్యతిరేక మహాసభలో, అమెరికా నుంచి వచ్చిన మహిళా ప్రతినిధులని ప్రతినిధులుగా కూర్చోనివ్వలేదు. ఒకప్పటి మైనారిటీ ఇంకో మైనారిటీ మొహం మీద తలుపు వేసింది. అక్కడ కలుసుకున్న లుక్రీషియా మాట్, ఎలిజబెత్ స్టాంటన్ 1848లో సెనెకా ఫాల్స్‌లో మహిళా హక్కుల సభ పెట్టారు. అది ఇంకో ఎపిసోడ్.

మా ఇంటి విషయం పూర్తి చేస్తాను. ఆ పెళ్లయిన కొన్ని నెలలకి మా పిన్ని నాతో అంది: "ఆ రోజు నువ్వు ఇంకొక్క మాట అనుంటే నేను కూడా అందామనుకున్నానురా. నువ్వు ఫోన్ తీసేశావు." నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. గదిలో నేను ఒక్కడినే అనుకున్నాను. ఇద్దరం ఉన్నాం. మోస్కోవిచి ప్రయోగంలో కూడా ఇద్దరే.

రెండో మాట అనుంటే కట్నం ఆగేదా? ఆగేది కాదేమో. 1791లో కూడా ఆగలేదు. కానీ పిన్ని నోరు తెరిచేది, ఆవిడ చూసి ఇంకెవరైనా తెరిచేవారేమో. వచ్చే మాఘమాసంలో మా ఇంట్లో ఇంకో సంబంధం మాట్లాడబోతున్నారు. ఈసారి ముందే పిన్నికి ఫోన్ చేశాను.

మీ ఇంట్లో, మీ ఆఫీసులో ఇలా ఒక్కరే మాట్లాడిన సందర్భం ఉంటే కామెంట్లలో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.